వెళ్ళొస్తానన్న మాట

నాకు నోరెక్కువ. మా అక్క అనసూయ చిన్నప్పట్నుంచీ అదే మాట: "ఒసేయ్ హైమా, నిన్ను మాటల్లో గెలిచేవాడు ఇంకా పుట్టలేదే" అనేది. ఆ నోటినే నమ్ముకుని చదువుకున్నాను. మాటలు సరిగా రాని పిల్లలకి మాటలు నేర్పడం నా వృత్తి. కాకినాడలో ఆరేళ్ళు, మస్కట్‌లో ఐదేళ్ళు అదే చేశాను. అలాంటిదాన్ని, ఒకే ఒక్క మాటకి అర్థం సరిగ్గా చెప్పలేక నా కూతుర్ని ఏం చేశానో రాస్తున్నాను. ఎవరికోసమయ్యా అంటే, నాకోసమే. ఇంక కడుపులో పెట్టుకుని తిరగడం నా వల్ల కావడం లేదు.

మా ఆయన శశిధర్ ఓడల ఇంజన్లు బాగుచేసే ఇంజనీరు. ఆయనకి పని ఎక్కడుంటే మా కాపురం అక్కడ. మా అమ్మాయి వకుళ కాకినాడలో పుట్టి, మూడో ఏట మస్కట్ వెళ్ళి, ఎనిమిదో ఏట నార్వేలోని బెర్గెన్‌లో దిగింది. మస్కట్‌లో అక్కా బావా మా పై అంతస్తులోనే ఉండేవారు. వాళ్ళకి పిల్లల్లేరు. నేను ఆస్పత్రికీ, ఈయన రేవుకీ పోతే వకుళ రోజంతా పెద్దమ్మ దగ్గరే. తిండీ అక్కడే, నిద్రా అక్కడే, అలకలూ అక్కడే. సాయంత్రం వెళ్ళి పిలిస్తే, "అప్పుడే వచ్చేశావేంటమ్మా?" అనేది. నాకు కొంచెం మండేది కూడా. అబద్ధం ఎందుకు?

బెర్గెన్‌లో ఎప్పుడు చూసినా వానే. దిగిన వారానికే పిల్ల తిండి మానేసింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. బళ్ళో ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఇంటికొచ్చి, గుమ్మం పక్కన జోళ్ళు విప్పుకునే బల్ల మీద కోటు తియ్యకుండా కూర్చునేది.

"ఏంటే, కోటు విప్పవా?" అంటే, "ఎందుకమ్మా, మళ్ళీ మనం వెళ్ళిపోతాం కదా" అనేది.

గడియారం చూసి, "ఇప్పుడు పెద్దమ్మ పప్పు తాలింపు వేస్తుంటుంది" అనేది. ఫోన్‌లో అక్కతో మాట్లాడించామా, ఆ గంటసేపూ పువ్వులా ఉండేది. ఫోన్ పెట్టగానే వాంతి.

డాక్టరు అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నాడు. పిల్ల బెంగ పెట్టుకుందని ఆయనకి చెబుదామంటే నాకు మాట దొరకలేదు. భయం అందామంటే భయం కాదు. దిగులంటే దిగులూ కాదు. మనవాళ్ళలో అయితే చదువురాని ముసలమ్మ కూడా ఇట్టే చెప్పేస్తుంది మందు: ఎవరిమీద బెంగ పెట్టుకుందో వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి రెండ్రోజులు వదిలెయ్యమంటుంది. మాకు ఆ దారి లేదు. శశిధర్‌కి మూడేళ్ళ ఒప్పందం, తీసుకెళ్ళినా పిల్లని మళ్ళీ ఇక్కడికే తేవాలి. అక్కకి గుండె జబ్బు, విమానం ఎక్కకూడదన్నారు.

అప్పటికి నేను అక్కడో ప్రయోగశాలలో చేరి రెండు నెలలైంది. మారిట్ అనే అరవయ్యేళ్ళ ఆవిడ దాని పెద్ద. ఆవిడ తండ్రి రాయబార కార్యాలయాల్లో పనిచేసేవాడట, పదేళ్ళు నిండేసరికి ఆవిడ ఐదు దేశాలు మారిందట. "ఐదు దేశాల్లోనూ బాత్‌రూముల్లో తలుపేసుకుని ఏడ్చాను హైమా. ఇంకో పిల్ల అలా ఏడవకూడదు" అనేది. ఆ పట్టుదలతోనే ఇరవయ్యేళ్ళు కష్టపడి ఆ యంత్రం చేసింది. యంత్రమంటే పెద్దదేం కాదు. బొట్టుబిళ్ళంత ముక్క, చెవి వెనక అతుక్కుంటుంది. దాని అసలు పేరు నా నోటికి పట్టలేదు. నేను 'కుదురు' అని పిలిచేదాన్ని. బిందె దొర్లిపోకుండా కింద పెడతామే, ఆ కుదురు. మారిట్‌కి ఆ పేరు నచ్చి ఆవిడా 'కుదూరు' అనడం మొదలుపెట్టింది.

అది చేసే పని నేను మొదట చూసింది మనీలా నుంచి వచ్చిన ఆరేళ్ళ పిల్ల మీద. ఆ పిల్ల వాళ్ళ వీధి వీడియో చూపిస్తే చాలు, నేలమీద పడి దొర్లేది. ఆరు వారాలు కుదురు పెట్టుకున్నాక అదే వీడియో వేశాం. "అదిగో మా కుక్క! అదిగో మా లోలా!" అని వేలు పెట్టి చూపిస్తూ నవ్వింది. లోలా అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. జ్ఞాపకం జ్ఞాపకంగానే ఉంది, దాని ముల్లు మాత్రం విరిగిపోయింది. వాళ్ళమ్మ మారిట్ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. నాకూ కళ్ళ నీళ్ళు తిరిగాయి.

కుదురుకి ముందుగా ఒక్కో పిల్ల బాధనీ నేర్పాలి. ఊరికే నేర్చుకోదు. విడిపోయేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఏ మాట అంటారో, ఆ మాటని పిల్లకి ప్రాణమైన మనిషి చేత చెప్పించాలి. అది వినగానే మెదడులో లేచే అలని యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఎప్పుడు ఆ అల లేచినా, లేచిన చోటే మెల్లగా అణిచేస్తుంది. పోలండు పిల్లలకి ఒక మాట, అరబ్బు పిల్లలకి ఒక మాట, ఇలా జాబితా తయారు చేస్తున్నారు. భారతీయ భాషల మాటలు ఇచ్చే బాధ్యత నాది.

తెలుగు గడిలో నేను 'వెళ్ళొస్తా' అని రాశాను.

మారిట్ అడిగింది. నన్ను అడగలేదని నేను ఎక్కడా అనను. "దీనికి అర్థం ఏమిటి, ముక్కకి ముక్క చెప్పు" అంది.

"వెళ్ళి, వస్తాను అని. మేము ఉత్తినే 'వెళ్తా' అనం. అశుభం. చావు ఇంటి నుంచి వచ్చేటప్పుడు తప్ప 'వెళ్ళొస్తా' అనే అంటాం."

"అయితే ఇది వెళ్ళడమా, రావడమా?"

ఆ రోజు బడి నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది, వకుళ మళ్ళీ కక్కుకుందని. నేను కోటు తొడుక్కుంటూ, "అబ్బే, అంత లోతేం లేదు మారిట్. అదొక వీడ్కోలు మాట, అంతే" అన్నాను.

ఆవిడ 'వీడ్కోలు' అని రాసుకుంది. నేను పరుగెత్తాను.

వకుళకి కూడా పెట్టిద్దామని నేనంటే శశిధర్ ఒప్పుకోలేదు. "బెంగ కూడా జ్వరం లాంటిదే హైమా. వస్తుంది, పోతుంది. నన్ను హాస్టల్లో వేసినప్పుడు నెల్రోజులు ఏడ్చాను. చచ్చిపోయానా?"

"మీకేం, మగమహారాజులు. దాని పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, చూశారా?"

"అది ప్రయోగం కదా, మందు కాదు కదా."

"నా చేతుల మీదుగా జరుగుతుంది. నా కూతురికి నేను చెడు చేస్తానా?"

ఆ మాట మీద సంతకం పెట్టాడు.

ఇక మాట చెప్పాల్సింది అక్క. వకుళ ప్రయోగశాలలో మెత్తటి కుర్చీలో కూర్చుంది, చెవి వెనక కుదురు ఉంది. ఎదురుగా తెరమీద మస్కట్‌లో అక్క. నేను పక్క గదిలోంచి అక్కతో విడిగా మాట్లాడుతున్నాను.

"నా చేత చెప్పించకే హైమా. నేను ఎక్కడికి వెళ్తున్నానని 'వెళ్ళొస్తా' అనమంటావు? ఉత్తుత్తిగా అనే మాటటే అది?"

"అక్కా, నీ చాదస్తం తర్వాత. పిల్ల ఎముకలగూడు అయిపోయింది, కనబడట్లేదా?"

"కనబడుతోందే తల్లీ. దాని నొప్పి తీసేస్తే నన్ను మర్చిపోతుందా?"

"నొప్పి ఒక్కటే పోతుంది. ప్రేమ ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. నా మాట నమ్ము."

అక్క కొంగుతో మొహం తుడుచుకుని, "వెళ్ళొస్తానే వకుళమ్మా" అంది. తెర ఆర్పేశారు. వకుళ "పెద్దమ్మా" అని కేక పెట్టింది. పది నిమిషాలాగి మళ్ళీ తెర వెలిగించారు. అలా తొమ్మిదిసార్లు. ఆరోసారికి అక్క ఏడుస్తోంది, నా పిల్ల ఏడుస్తోంది, నేను పక్క గదిలో యంత్రం గీసే అలల గీతలు చూస్తూ "బాగా వస్తోంది, చాలా బాగా వస్తోంది" అంటున్నాను. నిజంగానే చాలా బాగా వచ్చాయి. మిగతా పిల్లల గీత ఒకసారి లేచి పడిపోతుంది. వకుళది లేచి, తగ్గి, మళ్ళీ ఇంకోసారి చిన్నగా లేచేది. ఆ రెండో దాన్ని పిల్ల కదలడం వల్ల వచ్చిన తేడా అనుకున్నాం.

రెండో వారంలో వకుళ కోటు విప్పింది. మూడో వారంలో ఇంకో దోసె అడిగింది. నెలన్నరకి నార్వే పాటలు పాడుతూ, ఊదా అనే పిల్లతో కలిసి వానలో ఎగురుతూ ఇంటికొచ్చింది. అక్కతో ఫోన్‌లో కబుర్లు చెప్పి, "సరే పెద్దమ్మా, బై" అని తనే పెట్టేసి ఆడుకోవడానికి పోయింది. వాంతి లేదు, జ్వరం లేదు. నేను దేవుడి ముందు దీపం పెట్టి, ఆ తర్వాత మారిట్‌కి గులాబ్‌జామ్ చేసి తీసుకెళ్ళాను. శశిధర్ కూడా, "నువ్వే గెలిచావులే" అన్నాడు. ఆ రోజు నా గర్వం ఇంతా అంతా కాదు. బెర్గెన్ తెలుగువాళ్ళ మధ్య చాటింపు వేసినంత పని చేశాను. నా మాట మీద మరో ఎనిమిదిమంది తెలుగు పిల్లలు కుదురు పెట్టుకున్నారు.

తర్వాత ట్రోమ్సో అనే ఊళ్ళో సమావేశాలుంటే పది రోజులు వెళ్ళాను. వకుళని వదిలి అన్ని రోజులుండటం అదే మొదలు. తిరిగొచ్చి తాళం తీసేసరికి పిల్ల హాల్లో ముక్కలతో ఇల్లు కడుతోంది.

"అమ్మ వచ్చేసిందోచ్!" అన్నాను.

"ఆఁ, హాయ్ అమ్మా. ఆ ఎర్ర ముక్క కొంచెం ఇలా అందుకో."

తలెత్తలేదు. నేను ముక్క అందించాను. పెట్టె కూడా విప్పి చూడలేదు, ఏం తెచ్చావని అడగలేదు. పెద్దదైపోయింది అనుకుని నవ్వేశాను. "పది రోజులూ నన్ను తలుచుకుందా?" అని శశిధర్‌ని అడిగితే, ఆయన "ఒక్కసారి కూడా అడగలేదు హైమా. మంచిదే కదా, నువ్వు కోరుకున్నది అదేగా" అన్నాడు.

ఆ వారంలోనే, నా మాట విని వాళ్ళ పిల్లకి కుదురు పెట్టించిన పద్మజ వచ్చింది. వాళ్ళాయన సముద్రంలో చమురు బావుల మీద పనిచేస్తాడు. రెండు వారాలు అక్కడ, నాలుగు వారాలు ఇంట్లో. "హైమగారూ, ఏమనుకోకండి, ఒక మాట అడుగుతాను. మునుపు వాళ్ళ నాన్న వస్తున్నాడంటే మా పిల్ల కిటికీ దగ్గర్నుంచి కదిలేది కాదండీ. ఇప్పుడు గుమ్మం దాకా కూడా రావట్లేదు. మొన్న ఈయన దాని ముందు కూర్చుని, 'నాన్న వచ్చాడే' అంటే, 'చూశాను' అంది. ఆయన వెళ్ళి స్నానాల గదిలో తలుపేసుకున్నారండీ."

"పెద్దదవుతోంది కదా లెండి" అన్నాను. ఆవిడ వెళ్ళగానే కోటు వేసుకుని ప్రయోగశాలకి పోయాను.

పిల్లలందరి గీతలూ తీసి బల్ల మీద పరిచాను. పోలండు పిల్లలు, మనీలా పిల్లలు, అరబ్బు పిల్లలు, అందరికీ ఒక్కటే ఎత్తు. తెలుగు పిల్లలు తొమ్మిదిమందికీ రెండు. ఇద్దరు తమిళ పిల్లలున్నారు, వాళ్ళకీ రెండే. వాళ్ళూ పోయి వస్తాననే అంటారు. మూడు రోజులు ఆ ఇళ్ళన్నిటికీ ఫోన్లు చేశాను. మిగతా పిల్లలు అమ్మానాన్నలొస్తే ఇంకా గుమ్మానికి పరిగెడుతూనే ఉన్నారు. మా పదకొండుమందే రావడం లేదు.

అప్పుడు తెలిసింది నాకు. మన పిల్ల ఆ మాట విన్నప్పుడు రెండు పనులు చేస్తుంది. వెళ్తున్నారని ఏడుస్తుంది. వస్తారని ఎదురుచూడటం ఆ క్షణానే మొదలుపెడుతుంది. ఆ రెండో ఎత్తు తేడా కాదు, ఎదురుచూపు. ఏడుపునీ ఎదురుచూపునీ ఒకే మాటలో కుట్టి పెట్టారు మన పెద్దలు. యంత్రానికి అది ఒక్కటే అల. రెంటినీ కలిపి నొక్కేసింది. నేను వెళ్తే వకుళకి బాధ లేదు, నిజమే. నేను వస్తానని కూడా లేదు. ఎదురుచూడని మనిషి ఎదురుగా నిలబడితే ఎవరికైనా ఏం సంతోషం ఉంటుంది?

మారిట్ గీతలు చాలాసేపు చూసింది. "నేను నిన్ను అర్థం అడిగాను" అంది.

"అడిగారు."

"వీడ్కోలు మాట అన్నావు."

"అన్నాను."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీలో వెనక్కి వాలి, "మెదడులో ఆ ఎదురుచూపు దారి పిల్లల్లో ఏడాది వాడకపోతే మూసుకుపోవచ్చు. ఇప్పుడు తీసేస్తే తెరుచుకోవచ్చు. కానీ అణిచిన బాధ ఎక్కడికీ పోదు హైమా, పక్కన నిలబడి ఉంటుంది. తీసిన రోజు అదీ వస్తుంది, ఒక్కసారిగా రావచ్చు. నీ కూతురికి ఇప్పటికి ఎనిమిది నెలలు. నాలుగు నెలల్లోపు తేల్చుకో" అంది.

మిగతా పది ఇళ్ళకీ నేనే వెళ్ళి చెప్పాను. ఒకాయన నా మొహం మీద తలుపు వేశాడు. పద్మజ ఆ మర్నాడే వాళ్ళ పిల్లకి తీయించేసింది. మరి నేను? నా పిల్ల ఏడవకుండా తింటోంది, నవ్వుతోంది. పరీక్షలు అవనీ అన్నాను. సెలవులు రానీ అన్నాను. ఊళ్ళోవాళ్ళకి చెప్పినంత సులువుగా నాకు నేను చెప్పుకోలేకపోయాను.

ఈలోగా అక్కకి గుండె ఆపరేషన్ అన్నారు. ముందు రోజు మధ్యాహ్నం ఆస్పత్రి మంచం మీంచి వీడియోలో మాట్లాడింది. ముక్కులో గొట్టం, జడ రెండు పాయలుగా వేసి ఉంది. వకుళని పిలిచాను. వచ్చింది.

"ఎలాగున్నావే తల్లీ? అన్నం తింటున్నావా?"

"తింటున్నా పెద్దమ్మా. నీ జడ భలే ఉంది, చిన్నపిల్లలా."

"రేపు నాకు ఆపరేషనంట. భయమేస్తోందే."

"డాక్టర్లు చూసుకుంటారులే. బై పెద్దమ్మా, ఊదా వచ్చింది" అని వెళ్ళిపోయింది. మొహంలో నవ్వు నవ్వుగానే ఉంది.

అక్క కాసేపు ఖాళీ కుర్చీకేసి చూసింది. "నొప్పి ఒక్కటే పోతుందన్నావు కదే. ప్రేమ అలాగే ఉంటుందన్నావు."

నేను తల దించి బల్ల మీది కాగితాలు సర్దాను.

"అంటే మరి, యంత్రం వల్ల కాదు, ఇది దానంతట అదే మర్చిపోయిందన్నమాట. పోన్లేవే. కన్నదానివి నువ్వు, అంటిపెట్టుకుంది నేను. పిల్లలు మర్చిపోతారు, మర్చిపోవాలి కూడా. నాకేం బాధ లేదులే" అని, నా ముందు ఏడవడం ఇష్టంలేక, నర్సు పిలుస్తోందని అబద్ధమాడి పెట్టేసింది.

ఆ ఒక్క నిమిషంలో చెప్పొచ్చు. అది పిల్ల తప్పు కాదక్కా, నేను చేసిన తప్పు, అది నిన్ను మర్చిపోలేదు, మర్చిపోయేలా నేను చేశాను అని. నాలుక చివరిదాకా వచ్చింది. ఆపరేషన్ ముందు మనసు కష్టపెట్టడం దేనికి, కోలుకున్నాక నింపాదిగా చెబుదాం అనుకున్నాను. నిజం చెప్పాలంటే సిగ్గేసింది కూడా. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఆవిడే అంటుందని.

అక్క ఆపరేషన్ బల్ల మీంచి లేవలేదు.

శనివారం పదకొండు గంటలకి బావగారు ఫోన్ చేశారు. నేను ఏడ్చి, మొహం కడుక్కుని, వకుళని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. "పెద్దమ్మ చనిపోయిందమ్మా."

"ఓ. ఆపరేషన్ సరిగ్గా జరగలేదా?"

"లేదమ్మా."

"పాపం" అంది. నా చెయ్యి నిమిరింది, బళ్ళో నేర్పించినట్టు. తర్వాత, "అమ్మా, నాలుగింటికి ఊదా పుట్టినరోజు. నా పసుపు గౌను ఇస్త్రీ చేసి పెడతావా?" అంది.

ఇస్త్రీ చేశాను. ఇంకేం చేస్తాను?

మస్కట్ వెళ్ళి అంత్యక్రియలు చూసి వచ్చాక శశిధర్‌తో చెప్పాను, రేపే తీయించేస్తానని. ఈసారి కూడా ఆయన అడ్డం పడ్డాడు.

"పెద్దమ్మ బతికుండగా తియ్యాల్సింది. అప్పుడు ఏడిస్తే ఫోన్ చేసి ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు ఆ బెంగంతా తిరిగొస్తే ఎవరి దగ్గరికి తీసుకెళ్తావు? ఉంచెయ్ హైమా. అది నవ్వుతోంది. నవ్వనీ."

"రేపు మనం పోయినా ఇలాగే గౌను ఇస్త్రీ చేయించుకుంటుందండీ."

"చేయించుకోనీ. ఏడవకుండా ఉంటే చాలు నాకు."

"పెద్దయ్యాక తన పిల్లల కోసం కూడా గుమ్మం వైపు చూడదు. రేపు కట్టుకున్నవాడి కోసం చూడదు. ఎవరూ రారు, ఎవరొచ్చినా ఒకటే. అలా బతకడం బతుకేనా?"

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "నాకు భయమేస్తోంది" అన్నాడు చివరికి. "నాకూ అంతే" అన్నాను. మర్నాడు ఇద్దరం కలిసే తీసుకెళ్ళాం.

"ఎందుకు తీయడం? నాకు బానే ఉంది కదా" అంది వకుళ. మారిట్ వేళ్ళతో నెమ్మదిగా ఆ ముక్క ఊడదీసింది. చెవి వెనక తెల్లగా చిన్న మచ్చ ఉంది.

ఒక వారం, రెండు వారాలు. ఏమీ లేదు. దారి మూసుకుపోయిందేమోనని మారిట్ ముఖం తిప్పుకునేది. ఐదో వారంలో నేను కొట్టుకి బయల్దేరుతుంటే గదిలోంచి వకుళ గొంతు, "ఎప్పుడొస్తావు?" అని. పాలు తెస్తానని మాత్రం చెప్పి, మెట్లమీద కూర్చుని పది నిమిషాలు ఏడ్చాను. ఆ తర్వాత రోజూ అడిగేది. కిటికీ అద్దానికి ముక్కు ఆనించి నిలబడేది. మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. మిగిలింది కూడా వస్తుందని మాకు తెలుసు.

ఆదివారం పొద్దున నేను వంటింట్లో దోసెలు పోస్తున్నాను. వకుళ వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

"అమ్మా, పెద్దమ్మ ఆఖర్న భయమేస్తోంది అంది కదా."

"అవునమ్మా."

"నేనేమన్నాను?"

నేను అట్లకాడ పక్కన పెట్టాను. తనే చెప్పింది. "ఊదా వచ్చింది, బై అన్నాను. తర్వాత పెద్దమ్మ చనిపోయిందని నువ్వు చెబితే పుట్టినరోజుకి వెళ్ళాను. కేకు తిన్నాను. రెండు ముక్కలు తిన్నాను." గోడ మీద వేలితో గీస్తూ అడిగింది. "నేను ఎందుకు ఏడవలేదమ్మా? నేను చెడ్డదాన్నా?"

పొయ్యి ఆర్పి, కింద కూర్చుని, దాన్ని ఒళ్ళోకి లాక్కుని మొత్తం చెప్పాను. మాట సంగతి, యంత్రం సంగతి, నేను తొందరలో చెప్పిన తప్పుడు అర్థం సంగతి. తొమ్మిదేళ్ళ పిల్లకి ఎంత అర్థమవుతుందో అంతా చెప్పాను. కదలకుండా వింది.

"అయితే అది నేను కాదా?"

"నువ్వు కాదు తల్లీ. నేను. నీ ఏడుపు నేను తీసేశాను."

ఒక్క క్షణం దాని మొహం తేలికపడింది. అంతలోనే ఏదో తట్టినట్టు నావైపు తిరిగింది.

"పెద్దమ్మకి తెలుసా? అది నేను కాదని?"

"తెలీదమ్మా."

"నువ్వు చెప్పలేదా?"

"లేదు."

"అప్పటికి నీకు తెలీదా?"

అబద్ధం చెప్పొచ్చు. తెలీదంటే సరిపోయేది. కానీ ఇప్పటికే దానికి చేసినవి చాలు.

"తెలుసు" అన్నాను.

వకుళ నా ఒళ్ళోంచి లేచింది. "పెద్దమ్మ నేను మర్చిపోయాననుకుంది" అంది మెల్లగా. మళ్ళీ, "నేను మర్చిపోయాననుకునే చచ్చిపోయింది" అంది. అప్పుడు వచ్చింది ఏడుపు. పది నెలలు పక్కన నిలబడ్డ ఏడుపంతా వచ్చింది. నేను చెయ్యి చాపితే నెట్టేసింది. "నువ్వొద్దు. పెద్దమ్మ కావాలి. పెద్దమ్మ కావాలి" అని అరుస్తూ తన గదిలోకి పోయి తలుపేసుకుంది.

శశిధర్ పరిగెత్తుకొచ్చాడు. వాళ్ళ నాన్నని లోపలికి రానిచ్చింది. సందులోంచి చూశాను. ఆయన భుజం మీద పడి, ఊపిరాడనట్టు, ఒళ్ళంతా ఎగిరెగిరిపడేలా ఏడుస్తోంది. ఆయనా ఏడుస్తున్నాడు. "ఏడవనీ హైమా, నువ్వు రాకు" అని చేత్తో సైగ చేశాడు.

నేను తలుపు బయట నేలమీద కూర్చున్నాను. సాయంత్రం దాకా వినబడుతూనే ఉంది. ఎవరెవరినో పిలిచింది. పెద్దమ్మని పిలిచింది, నాన్నని పిలిచింది, మస్కట్‌లో బంతి ఆడిన పిల్లల్ని పేరుపేరునా పిలిచింది. నన్ను పిలవలేదు. పిలుస్తుందేమోనని అక్కడే కూర్చున్నాను.